సరిహద్దులెరుగని సేవ

పుట్టిన ఊరిని, కట్టుకున్న ఇంటిని, దున్నుకున్న పొలాన్ని వదలి ప్రాణాలు అరచేతిలో పెట్టుకొని పరాయి చోటికి పరుగెత్తవలసి రావడం మానవజీవితంలోని ఘోర విషాదాలలో ఒకటి. యుద్ధాల వలన దేశం విడిచి వచ్చినవారిని మన పెద్దలు కాందిశీకులు అన్నారు. ప్రకృతి ఆగ్రహించినపుడు సరిహద్దు దాటకుండానే, సొంత నేలమీదనే, మనుషులు కాందిశీకులవుతారు. 1971లో తూర్పు బెంగాలు ప్రజలు మొదటి విధంగాను, 1977లో మన దివిసీమ ప్రజలు రెండవ విధంగాను నిరాశ్రయులయ్యారు. ఈ ఇద్దరి కన్నీటినీ దగ్గర నుండి చూసి, తుడవడానికి ప్రయత్నించిన స్త్రీమూర్తి ఒకరున్నారు. ఆమే మదర్ థెరిసా. ఆమెను గురించి లోకానికి తెలిసిన విషయాలు అనేకం. కాని నిరాశ్రయులతో ఆమెకు గల అనుబంధం ఎంత లోతైనదో, అందుకు ఆమె సొంత జీవితంలోనే గల కారణాలేమిటో తెలిసినవారు తక్కువ.

మదర్ థెరిసా 1910 ఆగస్టు 26న స్కోప్యే నగరంలో ఒక అల్బేనియన్ కుటుంబంలో జన్మించింది. తల్లిదండ్రులు పెట్టిన పేరు ఆగ్నెస్ గోంజా. తండ్రి నికోలా వర్తకుడు. తల్లి ద్రానా గృహిణి. అక్క ఆగా, అన్న లాజర్. ఆమె పుట్టేనాటికి స్కోప్యే తుర్కుల ఉస్మానియా సామ్రాజ్యంలో ఉండేది. ఆమెకు రెండేళ్ళు నిండగానే బాల్కన్ యుద్ధం వచ్చి ఆ నగరం సెర్బియా వశమైంది. మొదటి ప్రపంచయుద్ధానంతరం కొత్తగా ఏర్పడిన దక్షిణ స్లావుల రాజ్యంలో అది భాగమైంది. నేడది ఉత్తర మాసిడోనియా దేశానికి రాజధాని. ఇల్లు కదలకుండానే ఆ కుటుంబం ఒక రాజ్యం నుండి మరొక రాజ్యానికి మారిపోయిందన్న మాట. సరిహద్దు గీతలు ఎంత తేలికగా మారగలవో, అవి మారినపుడు సామాన్యుల జీవితాలు ఎంతగా తల్లడిల్లుతాయో ఆ బాలిక పసితనంలోనే గ్రహించింది.

1919లో తండ్రి హఠాత్తుగా మరణించాడు. వ్యాపారం చేజారింది. తల్లి ద్రానా కుట్టుపని చేస్తూ, బట్టలు అమ్ముతూ ముగ్గురు పిల్లలను పెంచింది. ఇంట్లో ఇబ్బందులున్నా ఆమె పేదవారికి అన్నం పెట్టడం మానలేదు. భోజనాల వేళ వారి బల్ల దగ్గర ఎవరో ఒక దిక్కులేనివారు కూర్చుని ఉండేవారు. తన సేవాజీవితానికి తొలి పాఠశాల ఆ ఇల్లేనని చెప్పదగినట్లుగా గోంజా పెరిగింది.

పద్దెనిమిదవ యేట ఆమె సన్యాసినిగా మారి భారతదేశంలో పనిచేయాలని నిశ్చయించుకుంది. 1928లో లొరెటో సంస్థలో చేరడానికి ఐర్లండుకు బయలుదేరింది. తల్లి, అక్క జాగ్రెబ్ నగరం వరకు తోడు వచ్చి సాగనంపారు. అక్కడి రైల్వేస్టేషనులో కదలిపోతున్న రైలు కిటికీలోంచి చూసిన చూపే తల్లిని ఆమె చూసిన చివరి చూపు అయింది. ఆ సంగతి అప్పటికి ఇద్దరికీ తెలియదు. ఐర్లండులో కొద్ది వారాలు ఇంగ్లీషు నేర్చుకొని ఓడలో ప్రయాణించి 1929 జనవరిలో ఆమె కలకత్తా చేరింది. డార్జిలింగులో శిక్షణ పొంది థెరిసా అనే పేరు స్వీకరించింది. తరువాత కలకత్తాలోని ఎంటాలీలో ఉన్న సెయింట్ మేరీ పాఠశాలలో చరిత్ర, భూగోళం బోధించింది. బెంగాలీ, హిందీ భాషలు నేర్చుకుంది. కొంతకాలానికి ఆ పాఠశాలకు ప్రధానోపాధ్యాయిని అయింది.

ఆ పాఠశాల గోడల లోపల ప్రశాంతత ఉండేది. వెలుపల కలకత్తా మరొక విధంగా ఉండేది. 1943 నాటి బెంగాల్ కరువులో లక్షలాది ప్రజలు ఆకలితో మరణించారు. 1946 ఆగస్టులో మతకలహాలు చెలరేగి నగరం నెత్తురు మడుగయింది. పాఠశాలలో దాదాపు 300 మంది బాలికలున్నారు. తినడానికి గింజ లేదు. నిబంధనల ప్రకారం సన్యాసినులు ఒంటరిగా వీధిలోకి వెళ్ళరాదు. అయినా థెరిసా పిల్లల ఆకలి చూడలేక బయటికి వచ్చింది. వీధులలో పడివున్న శవాలను చూసింది. గస్తీ తిరుగుతున్న సైనికులు ఆమె పరిస్థితి విని, కొన్ని బియ్యం బస్తాలను లారీలో పాఠశాలకు చేర్చారు. ఆ తరువాత కొద్ది రోజులకే, 1946 సెప్టెంబరు 10న, డార్జిలింగు వెళ్ళే రైలులో ఆమె మనసులో ఒక నిర్ణయం రూపుదిద్దుకుంది. కాన్వెంటు విడిచి నిరుపేదల మధ్యనే జీవించాలన్నదే ఆ నిర్ణయం.

అనుమతులు లభించడానికి రెండేళ్ళు పట్టింది. ఈలోగా దేశం విభజన పాలయింది. తూర్పు బెంగాలు నుండి కాందిశీకులు ప్రవాహంలా వచ్చి కలకత్తా రైల్వేస్టేషన్ల వేదికల మీద, కాలిబాటల మీద, మురికివాడలలో తలదాచుకున్నారు. 1948 ఆగస్టులో నీలి అంచు గల తెల్లని ముతక చీర ధరించి థెరిసా కాన్వెంటు గడప దాటింది. పాట్నాలో కొంతకాలం రోగుల సేవలో శిక్షణ పొంది, తిరిగి వచ్చి మోతీఝీల్ మురికివాడలో పని ప్రారంభించింది. బల్లలు లేవు, పలకలు లేవు. నేలమీద పుల్లతో అక్షరాలు గీసి పిల్లలకు చదువు చెప్పింది. ఆమె పూర్వ విద్యార్థినులే కొందరు వచ్చి తోడుగా నిలిచారు. 1950 అక్టోబరు 7న మిషనరీస్ ఆఫ్ ఛారిటీ అనే సంస్థ అధికారికంగా ఏర్పడింది. 1952లో కాళీఘాట్‌లో మరణావస్థలో ఉన్న అనాథల కోసం నిర్మల హృదయ్, ఆ తరువాత అనాథ శిశువుల కోసం శిశుభవన్, కుష్ఠురోగుల కోసం చికిత్సా కేంద్రాలు వెలిశాయి. ఆమె భారత పౌరసత్వం స్వీకరించి ఈ దేశపు బిడ్డ అయింది. 1962లో భారత ప్రభుత్వం పద్మశ్రీతో సత్కరించింది.

ఆమె సేవకు, ఆమె సంస్థ సామర్థ్యానికి అతి పెద్ద పరీక్ష 1971లో ఎదురయింది. ఆ సంవత్సరం మార్చి 25 రాత్రి పాకిస్తాన్ సైన్యం తూర్పు పాకిస్తాన్ ప్రజలపై విరుచుకుపడింది. గ్రామాలు తగులబడ్డాయి. ప్రజలు నడిచి, పడవలలో దాటి, ముసలివారిని భుజాల మీద మోసుకొని భారత సరిహద్దు వైపు సాగారు. ఆ సంవత్సరాంతానికి వచ్చినవారి సంఖ్య కోటికి చేరింది. పశ్చిమ బెంగాల్, త్రిపుర, మేఘాలయ, అస్సాం రాష్ట్రాలలో శిబిరాలు నెలకొల్పారు. కలకత్తా శివారులోని సాల్ట్‌లేక్ ప్రాంతంలో ఒక పెద్ద శిబిరం ఏర్పడింది. గుడారాలు చాలక ఎన్నో కుటుంబాలు మురుగునీటి పనుల కోసం తెచ్చిన పెద్ద పెద్ద సిమెంటు గొట్టాలలో కాపురముండవలసి వచ్చింది. అంతలో వర్షాకాలం వచ్చింది. దానితో కలరా వచ్చింది.

మదర్ థెరిసా తన సిస్టర్లను శిబిరాలకు తరలించింది. వారు రోగులను శుభ్రపరచారు, మందులు పంచారు, తల్లులు లేని పసికందులకు పాలు పట్టారు, చనిపోయినవారిని సాగనంపారు. కాందిశీకులలో అందరికంటె ముందు రాలిపోయేది పసిపిల్లలే. నడక అలసటకు, ఆకలికి తోడు అతిసారం సోకితే వారి శరీరం గంటలలో ఎండిపోతుంది. అందువలన పోషకాహారం లేక క్షీణించిన పిల్లల సంరక్షణపై సిస్టర్లు ప్రత్యేక శ్రద్ధ వహించారు.

ఇదే సమయంలో సరిహద్దు పట్టణమైన బనగాఁవ్‌లో డాక్టర్ దిలీప్ మహలనబిస్ అనే వైద్యుడు చేసిన పని ఇక్కడ స్మరించదగినది. కలరా రోగుల నరాలలోకి ఎక్కించే సెలైన్ నిల్వలు నిండుకున్నాయి. అప్పుడాయన గ్లూకోజు, ఉప్పు, వంటసోడా కలిపిన నీటిని రోగులచే త్రాగించే ఏర్పాటు చేశాడు. చదువురాని బంధువులు కూడా దానిని పట్టించగలిగారు. నూటికి ముప్పై వరకు ఉన్న మరణాలు నాలుగు లోపునకు తగ్గిపోయాయి. నేడు ప్రతి ప్రాథమిక ఆరోగ్యకేంద్రంలో లభించే ఓ.ఆర్.ఎస్. పొట్లం విలువ లోకానికి తెలిసింది ఆ కాందిశీకుల శిబిరంలోనే. కరుణకు తోడు శాస్త్రజ్ఞానం, శాస్త్రజ్ఞానానికి తోడు కరుణ ఉంటేనే ప్రాణాలు నిలుస్తాయని 1971 నాటి శిబిరాలు చాటిచెప్పాయి.

1971 డిసెంబరు 16న యుద్ధం ముగిసింది. బంగ్లాదేశ్ అవతరించింది. కాందిశీకులు తిరుగుముఖం పట్టారు. పత్రికల వారి దృష్టి మరొక వైపు మళ్ళింది. కాని యుద్ధం మిగిల్చిన గాయాలు అంత తొందరగా మానేవి కావు. సైనికుల అత్యాచారాలకు గురైన వేలాది స్త్రీలను వారి కుటుంబాలే స్వీకరించడానికి వెనుకాడాయి. కొత్త ప్రభుత్వం వారిని వీరాంగనలుగా గౌరవించినా సమాజం తలుపులు మూసుకుంది. మదర్ థెరిసా సిస్టర్లతో ఢాకా వెళ్ళి అక్కడ ఒక ఆశ్రమం ప్రారంభించింది. ఆ స్త్రీలకు నీడనిచ్చింది. వారికి పుట్టిన శిశువులను చేరదీసింది. 1972లో ఆ శిశువులలో కొందరిని కెనడా మొదలైన దేశాల దంపతులు దత్తత తీసుకున్నారు. యుద్ధం ముగిసిన తరువాత కూడా నిలిచి పనిచేయడమే నిజమైన సహాయమని ఆమె ఆచరణలో చూపింది.

ఆ సంవత్సరమే ఆమె సొంత గుండెకు కోలుకోలేని దెబ్బ తగిలింది. ఆమె తల్లి, అక్క చాలాకాలం క్రితమే అల్బేనియా రాజధాని తిరానాకు వెళ్ళి స్థిరపడ్డారు. రెండవ ప్రపంచయుద్ధానంతరం ఆ దేశాన్ని పాలించిన ప్రభుత్వం సరిహద్దులను మూసివేసింది. ముసలితల్లి చనిపోయేలోపు బిడ్డను ఒక్కసారి చూడాలని ఆరాటపడింది. ఆమెను బయటికి పంపమని ఎందరో ప్రముఖుల ద్వారా ప్రయత్నాలు జరిగాయి. అవి ఫలించలేదు. మదర్ తానే అక్కడికి వెళ్ళవచ్చునేమో గాని, వెళితే తిరిగి రానిస్తారన్న నమ్మకం లేదు. తననే నమ్ముకున్న వేలాది అనాథలను విడిచి అంతటి సాహసం చేయడానికి ఆమె సిద్ధపడలేదు. 1972 జులైలో తల్లి, 1973లో అక్క కన్నుమూశారు. కోటిమంది సరిహద్దు దాటి వస్తే వారికి తల్లి అయిన ఆమె, ఒక సరిహద్దు దాటి తన తల్లిని చూడలేకపోయింది. తన దుఃఖాన్ని ఆమె పనిలోనే దిగమింగింది.

తెలుగువారికి ఆమె అత్యంత సన్నిహితమైన సందర్భం 1977లో వచ్చింది. కృష్ణానది సముద్రంలో కలిసేముందు పాయలుగా చీలి మధ్యలో ఏర్పరచిన సారవంతమైన నేల దివిసీమ. అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు ప్రాంతాలు ఇందులోనివి. బంగాళాఖాతపు అంచున ఉండడం వలన ఈ సీమకు ఉప్పెన భయం పాతదే. 1864 నవంబరు 1న వచ్చిన ఉప్పెన మచిలీపట్నంలోను పరిసరాలలోను సుమారు 30,000 మందిని పొట్టన పెట్టుకుంది. అయితే వంద సంవత్సరాలు గడిచేసరికి ఆ జ్ఞాపకం మసకబారింది.

1977 నవంబరు 19, శనివారం. వరి పంట కోతకు వచ్చిన రోజులవి. పెనుగాలులతో తుఫాను తీరాన్ని తాకింది. తాటిచెట్టంత ఎత్తున లేచినట్లు కనిపించిన సముద్రం కెరటంగా కదలి వచ్చి గ్రామాలను ముంచెత్తింది. ఉప్పునీరు కిలోమీటర్ల కొద్దీ లోపలికి చొచ్చుకువచ్చింది. సొర్లగొంది, హంసలదీవి, పాలకాయతిప్ప మొదలైన తీరగ్రామాలు చూస్తుండగానే నీటిపాలయ్యాయి. చెట్టు కొమ్మలు పట్టుకొని వ్రేలాడినవారు కొందరు బ్రతికారు. అధికారిక లెక్కల ప్రకారమే పదివేల మందికి పైగా మరణించారు. పశువుల నష్టానికి లెక్కే లేదు. తెల్లవారేసరికి పొలాలలో, కాలువలలో, ముళ్ళకంపలలో మనుషుల శవాలు, పశువుల కళేబరాలు కలగలిసి పడివున్నాయి. బ్రతికినవారికి త్రాగడానికి మంచినీరు లేదు, కట్టుకోవడానికి బట్ట లేదు, కొందరికి కన్నీరు పెట్టడానికి తోడు కూడా లేదు.

దారులన్నీ కూలిన చెట్లతో మూసుకుపోయాయి. అయినా సహాయం ఆగలేదు. జిల్లా కేంద్రమైన మచిలీపట్నం నుండి, విజయవాడ, గుడివాడల నుండి ఆహారం, బట్టలు, మందులు తరలివచ్చాయి. దివిసీమ బిడ్డ, నాటి రాష్ట్ర మంత్రి మండలి వెంకట కృష్ణారావు తన ప్రజల మధ్యనే నిలిచి పునరావాస కార్యక్రమాలకు అంకితమయ్యాడు. ప్రజలు ఆయనను దివిసీమ గాంధీ అని పిలుచుకున్నారు. గుడివాడ ప్రాంతంలో పుట్టి పెరిగిన మహానటులు నందమూరి తారకరామారావు, అక్కినేని నాగేశ్వరరావు జోలె పట్టి ప్రజల నుండి విరాళాలు సేకరించారు. రామకృష్ణ మిషన్ మొదలైన ఎన్నో సంస్థలు, వేలాది విద్యార్థులు, కార్యకర్తలు కదలివచ్చారు. కుళ్ళిన శవాలకు దహన సంస్కారం చేయడానికి కూడా యువకులు వెనుకాడలేదు.

ఆ రోజులలోనే మదర్ థెరిసా సిస్టర్లను వెంటబెట్టుకొని తుఫాను పీడిత ప్రాంతానికి వచ్చింది. అప్పటికామెకు అరవై ఏడు సంవత్సరాలు. ఆమెకు తెలుగు రాదు. అక్కడివారికి ఆమె భాష తెలియదు. కాని ఆరేళ్ళ క్రితం సాల్ట్‌లేక్ శిబిరంలో తల్లుల కళ్ళలో చూసిన శూన్యమే దివిసీమ తల్లుల కళ్ళలోనూ ఉంది. అక్కడ సైన్యం చేసిన పనిని ఇక్కడ సముద్రం చేసింది. కోల్పోయినవారి దుఃఖంలో మాత్రం తేడా లేదు. అనాథలైన పిల్లలు, ఒంటరిగా మిగిలిన వృద్ధులు ఆమె దృష్టిని ఆకర్షించారు. గుంపు కోసం కాక ఒక్కొక్క మనిషి కోసం పనిచేయడమే ఆమె పద్ధతి. ఎంతమంది మరణించారన్న లెక్క ప్రభుత్వానికి అవసరం కావచ్చు. ఎదుట కూర్చున్న ఈ ఒక్కరికి ఇప్పుడేమి కావాలన్నదే ఆమె ప్రశ్న. ఆమె సంస్థ నిర్వహించే నిర్మల హృదయ భవన్ నేటికీ విజయవాడలో దిక్కులేనివారికి ఆశ్రయమిస్తూనే ఉంది.

దివిసీమ దుర్ఘటన పాలకులకు కూడా పాఠం నేర్పింది. తీరం పొడవునా తుఫాను ఆశ్రయ భవనాలు నిర్మించారు. సరుగుడు తోటలు పెంచారు. హెచ్చరికల వ్యవస్థను బలపరచి మచిలీపట్నంలో రాడారు నెలకొల్పారు. 1990 మే నెలలో మరొక తీవ్రమైన తుఫాను ఇదే కృష్ణా డెల్టాను తాకినపుడు లక్షమందికి పైగా ప్రజలను ముందుగానే సురక్షిత ప్రాంతాలకు తరలించారు. మృతుల సంఖ్య వెయ్యి లోపున ఆగింది. ఆపద వచ్చిన తరువాత చేసే సేవ ఎంత గొప్పదో, ఆపదకు ముందే తీసుకునే జాగ్రత్త అంతకంటె గొప్పది. 1977 ఉప్పెన మృతుల స్మృత్యర్థం పులిగడ్డ వద్ద నిర్మించిన స్మారకస్తూపం ఈ పాఠాన్ని నేటికీ గుర్తుచేస్తున్నది.

1979లో మదర్ థెరిసాకు నోబెల్ శాంతి బహుమతి లభించింది. సంప్రదాయంగా ఇచ్చే విందును రద్దుచేసి ఆ సొమ్మును పేదలకు ఇవ్వమని ఆమె కోరింది. నిర్వాహకులు అంగీకరించారు. మరుసటి సంవత్సరం భారత ప్రభుత్వం భారతరత్న పురస్కారంతో గౌరవించింది. కీర్తి పెరిగినా ఆమె కాలు ఒకచోట నిలవలేదు. 1982లో లెబనాన్ రాజధాని బీరూట్ యుద్ధంతో రెండు ముక్కలయింది. నగరపు పశ్చిమ భాగంలో బాంబుదాడికి గురైన ఒక ఆశ్రయంలో మనోవికలాంగులైన పిల్లలు సంరక్షకులు లేక చిక్కుకుపోయారు. కాల్పుల మధ్య అటు వెళ్ళడం అసాధ్యమని అధికారులు, మతపెద్దలు ఆమెను వారించారు. ఆగస్టు నెలలో కాల్పులు తాత్కాలికంగా ఆగగానే డెబ్బై ఒక్క ఏళ్ళ వయసులో ఆమె రెడ్‌క్రాస్ వాహనాలలో ఆ గీత దాటి వెళ్ళింది. మొదటి రోజున 37 మంది పిల్లలను తూర్పు భాగానికి చేర్చింది. కొన్ని రోజులలోనే మిగిలిన వారిలో కొందరిని తీసుకువచ్చింది. ఆ పిల్లలది ఏ మతమో, ఏ పక్షమో ఆమె అడగలేదు.

మదర్ థెరిసాను విమర్శించినవారు లేకపోలేదు. ఆమె ఆశ్రమాలలో ఆధునిక వైద్యసదుపాయాలు చాలవని, నొప్పి తగ్గించే మందుల వాడకం తక్కువని, విరాళాల లెక్కలు బహిరంగంగా ప్రకటించలేదని కొందరు రచయితలు, వైద్యులు ఆక్షేపించారు. తమది ఆసుపత్రి కాదని, దిక్కులేనివారికి ఇల్లు మాత్రమేనని ఆమె పక్షంవారు సమాధానం చెప్పారు. ఆమె మరణానంతరం 2007లో ప్రచురితమైన లేఖల వలన మరొక సత్యం వెల్లడయింది. నిత్యం చిరునవ్వుతో కనిపించిన ఆమె దశాబ్దాల తరబడి అంతరంగంలో తీవ్రమైన ఒంటరితనాన్ని, ఆధ్యాత్మిక శూన్యతను అనుభవించిందని లోకం తెలుసుకుంది. ఆ చీకటిలో కూడా పని ఆపకపోవడం ఆమె ఔన్నత్యాన్ని తగ్గించదు, పెంచుతుంది.

1989లో అల్బేనియా తలుపులు ఆమెకు తెరుచుకున్నాయి. రైలు కిటికీలో తల్లిని చివరిసారి చూసిన అరవై సంవత్సరాల తరువాత ఆమె తిరానాలో తల్లి సమాధి ముందు నిలిచింది. 1991లో ఆ దేశంలో తన సంస్థ శాఖను ప్రారంభించింది. తనను తల్లి వద్దకు రానివ్వని దేశపు అనాథలకు తానే తల్లి అయింది.

1997 సెప్టెంబరు 5న కలకత్తాలో మదర్ థెరిసా తుదిశ్వాస విడిచింది. మహాత్మాగాంధీ, జవహర్‌లాల్ నెహ్రూల భౌతికకాయాలను మోసిన శకటం మీదనే ఆమె అంతిమయాత్ర ప్రభుత్వ లాంఛనాలతో జరిగింది. అప్పటికి ఆమె సంస్థ 123 దేశాలలో 610 కేంద్రాలతో విస్తరించింది. అదే నెల 27న దివిసీమ గాంధీ మండలి వెంకట కృష్ణారావు కూడా కన్నుమూశాడు. 2016 సెప్టెంబరులో కేథలిక్ చర్చి ఆమెను పునీతురాలిగా ప్రకటించింది.

నేటికీ ప్రపంచంలో యుద్ధాలు ఆగలేదు. కోట్లాది ప్రజలు ఇల్లూ వాకిలీ విడిచి శిబిరాలలో కాలం వెళ్ళబుచ్చుతున్నారు. వారందరి కష్టాన్ని తీర్చడం ఏ ఒక్కరి వల్లా కాదు. అయితే ఎదుట నిలిచిన ఒక్కరికి గ్లాసెడు నీరివ్వడం ప్రతి ఒక్కరికీ సాధ్యమే. ఒక రాత్రిలో సర్వస్వం కోల్పోయి, ఇతరుల చేయూతతో తిరిగి నిలబడిన దివిసీమకు ఈ సత్యం అనుభవంలో తెలుసు. నిరాశ్రయుడు పరాయివాడు కాడని, రేపు మనమూ ఆ స్థితిలో ఉండవచ్చునని గుర్తెరిగి మెలగడమే మదర్ థెరిసా జీవితం మనకు నేర్పే పాఠం.